విశ్వాసమా, క్రియలా? నీతిమంతులుగా తీర్చబడటం గురించి మన సంఘాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కందుకూరు చుట్టుపక్కల పల్లెల్లో శుక్రవారం సాయంత్రం ఇంటి ప్రార్థనలు జరుగుతాయి. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక టీ ఇస్తారు. అసలు ప్రశ్నలు వచ్చేది ఆ టీ దగ్గరే. కూటంలో చెయ్యెత్తి అడగలేనివి అక్కడ గొంతు తగ్గించి అడుగుతారు. పన్నెండేళ్లుగా బైబిలు పాఠాలు చెబుతూ నేను విన్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే భయం చుట్టూ తిరుగుతాయి. దేవుడు నన్ను ఒప్పుకున్నాడా, లేక నేను ఇంకా ఏదైనా చెయ్యాలా?

ఆ ప్రశ్నలనే, వాళ్లు అడిగిన మాటల్లోనే, ఇక్కడ రాశాను. నేను బాప్టిస్టు సంఘంలో పెరిగినవాణ్ణి. ఆ సంగతి జవాబుల్లో కనబడుతుంది, దాచడం లేదు.

"నీతిమంతులుగా తీర్చబడటం" అంటే సూటిగా ఏమిటి?

తెలుగులో 'తీర్చు' అనే మాటకి చాలా పనులున్నాయి. అప్పు తీరుస్తాం, దాహం తీర్చుకుంటాం, వాకిట్లో ముగ్గు తీరుస్తాం, పిల్లల్ని తీర్చిదిద్దుతాం. ఊరి పెద్ద తగవు తీరుస్తాడు, జడ్జి తీర్పు తీరుస్తాడు. బైబిల్లోని రోమా పత్రికలో 'నీతిమంతులుగా తీర్చబడుట' అని చదివినప్పుడు మనలో చాలామంది తెలియకుండానే 'తీర్చిదిద్దడం' అనే అర్థం పట్టుకుంటారు. దేవుడు నన్ను కొంచెం కొంచెంగా బాగుచేస్తున్నాడు, పూర్తిగా బాగుపడ్డాక ఒప్పుకుంటాడు అనుకుంటారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది. బాగుపడటం ఎప్పటికి పూర్తవుతుంది? ఎవరికీ తెలియదు. అందుకే టెన్షన్.

ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు వాడిన గ్రీకు మాట కోర్టు మాట. ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం మొదట్లో, ఇద్దరు వివాదపడి వస్తే న్యాయాధిపతులు నీతిమంతుణ్ణి నీతిమంతుడనీ, దోషిని దోషి అనీ తీర్పు చెప్పాలని ఉంది. పౌలు మనసులో ఉన్నది ఆ దృశ్యమే. రోమా 8:33, 34 చూడండి. "నీతిమంతులుగా తీర్చువాడు దేవుడే, శిక్ష విధించు వాడెవడు?" ఇక్కడ నీతిమంతుడిగా తీర్చడానికి ఎదురుగా నిలబెట్టిన మాట శిక్ష విధించడం. శిక్ష విధించే జడ్జి ఎవరినీ చెడ్డవాడిగా తయారుచెయ్యడు, అతను దోషి అని ప్రకటిస్తాడు. అలాగే నీతిమంతుడిగా తీర్చడమంటే, దేవుడు తన న్యాయపీఠం మీద నుంచి "ఈ మనిషి నా ఎదుట నీతిమంతుడు" అని ప్రకటించడం.

మా ఊళ్లో ఒకాయన గట్టు తగాదాలో పదహారేళ్లు ఒంగోలు కోర్టు చుట్టూ తిరిగాడు. తీర్పు వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. మెట్లెక్కిన మనిషే, అదే చొక్కాతో, అదే మోకాళ్ల నొప్పితో మెట్లు దిగాడు. కానీ ఆ నడక వేరు. లోపల ఆయనలో ఏదీ మారలేదు, ఆయన మీద ఉన్న మాట మారింది.

దేవుడు తీర్చిదిద్దడు అని నేను అనడం లేదు. తీర్చిదిద్దుతాడు, జీవితమంతా. దాన్ని బైబిలు పరిశుద్ధపరచడం అంటుంది. అయితే వరస ముఖ్యం. ముందు తీర్పు, తర్వాత దిద్దుబాటు. ఈ వరస తలకిందులైతే సువార్త కూడా తలకిందులవుతుంది.

నేను ఇంకా పాపం చేస్తూనే ఉన్నాను. అలాంటివాణ్ణి నీతిమంతుడు అంటే దేవుడు అబద్ధం చెప్పినట్టు కాదా?

ఇది తెలివైన ప్రశ్న. మొదట ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగింది. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను.

రోమా 4వ అధ్యాయంలో 'ఎంచు' అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. "అబ్రాహాము దేవుని నమ్మెను, అది అతనికి నీతిగా ఎంచబడెను." గ్రీకులో ఇది లెక్కల్లో వాడే మాట. తెలుగులోనూ ఎంచడం అంటే లెక్కపెట్టడమే. అంటే పౌలు కోర్టులోంచి కొట్టు దగ్గరికి వచ్చాడు. అక్కడ ఖాతా పుస్తకం తెరిచి ఉంది.

ఫిలేమోను పత్రిక మన సంఘాల్లో తక్కువగా చదువుతారు, ఒక్క అధ్యాయమే. అందులో ఒనేసిము అనే దాసుడు యజమానిని విడిచి వెళ్లిపోయాడు. పౌలు అతన్ని తిరిగి పంపుతూ, ఇతను నీకేమైనా నష్టం చేసి ఉంటే, నీకేమైనా బాకీ ఉంటే "అది నా లెక్కలో చేర్చుము" అని రాశాడు. ఒనేసిము బాకీ పడలేదని పౌలు అబద్ధం ఆడలేదు. బాకీ నిజమే. కట్టేవాడు మారాడు. "నన్ను చేర్చుకొనినట్టు అతనిని చేర్చుకొనుము" అని కూడా అడిగాడు. రెండు వైపులా పద్దు మారింది. బాకీ పౌలు ఖాతాలోకి పోయింది, పౌలుకున్న గౌరవం ఒనేసిము ఖాతాలోకి వచ్చింది.

సిలువ మీద జరిగింది ఇదే. రెండవ కొరింథీ 5:21 ఈ మార్పిడి గురించే చెబుతుంది. దేవుడు పాపమెరుగని క్రీస్తును మన కోసం పాపంగా చేశాడు, ఆయనలో మనం దేవుని నీతి అయ్యేలా. దేవుడు బాకీ లేనట్టు కళ్లు మూసుకోలేదు. కట్టించాడు, తన కుమారుడి చేత. కాబట్టి మనల్ని నీతిమంతులు అనే తీర్పు నిజమైన లెక్క మీద నిలబడిన తీర్పు. ఆ నీతి మనలో పుట్టింది కాదు, క్రీస్తుది. మన పేరున జమ అయింది.

నమ్మడం కూడా ఒక పనే కదా? నా విశ్వాసం చాలదేమోనని భయంగా ఉంది.

ఈ భయంతో నలిగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. క్రియలు వదిలేశాం అంటారు. కానీ విశ్వాసాన్నే పెద్ద క్రియగా మార్చుకుంటారు. "ఇంకా గట్టిగా నమ్మాలి, కన్నీళ్లు రావాలి, ఒళ్లు పులకరించాలి" అని తమను తాము కొలుచుకుంటారు.

పులికాట్ సరస్సులో ఇరకం దీవికి పడవ మీద వెళ్లాలి. నీళ్లకి అలవాటు పడ్డ ఊరివాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. మొదటిసారి ఎక్కినవాళ్లు పడవ అంచు పట్టుకుని, గాలి వీచినప్పుడల్లా "ప్రభువా" అంటుంటారు. ఆ రెండో రకంలో నేనూ ఒకణ్ణి. ధైర్యంగా ఉన్నవాళ్లు ముందు దిగలేదు, నేను మధ్యలో మునగలేదు. మోసింది పడవ. విశ్వాసం అంటే పడవ ఎక్కడం. ఎంత ధైర్యంగా ఎక్కావన్నది తర్వాతి సంగతి.

మార్కు 9లో ఒక తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అరిచాడు. సగం నమ్మకం, సగం ఏడుపు. యేసు అతని కొడుకును బాగుచేశాడు, నమ్మకం పూర్తయ్యాక రమ్మని పంపెయ్యలేదు.

రోమా 4:4, 5లో పౌలు విశ్వాసాన్ని పని నుంచి పూర్తిగా విడదీశాడు. పనిచేసేవాడికి జీతం దానం కాదు, బాకీ. మిరపకాయలు కోసిన కూలీకి సాయంత్రం డబ్బులిస్తే అది ఎవరి దయా కాదు, ఆమె హక్కు. దేవుడి దగ్గర మనకి అలాంటి హక్కు లేదు. పౌలు అక్కడ వాడిన మాట చూడండి, దేవుడు "భక్తిహీనుని" నీతిమంతునిగా తీర్చువాడు. భక్తి పెరిగినవాణ్ణి అనలేదు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఎన్నోసార్లు ఆగిపోయాను.

యాకోబు పత్రికలో విశ్వాసం మాత్రమే చాలదని ఉంది కదా? పౌలుకీ యాకోబుకీ పడదా?

యాకోబు 2:24 సూటిగానే ఉంది. మనిషి "విశ్వాసమూలమున మాత్రము కాక క్రియలమూలమునను" నీతిమంతుడని ఎంచబడతాడు. దీన్ని పక్కకి తోసెయ్యకూడదు. ఇద్దరూ అబ్రాహామునే ఉదాహరణగా తెచ్చారు కాబట్టి అబ్రాహాము వయసు లెక్క చూస్తే విషయం తేలిపోతుంది.

అబ్రాహాము హారాను ఊరు విడిచినప్పుడు 75 ఏళ్లు. నక్షత్రాలు చూపించి దేవుడు సంతానం వాగ్దానం చేసింది, అతను నమ్మింది, అది నీతిగా ఎంచబడింది ఆదికాండం 15లో. ఆ తర్వాత 16వ అధ్యాయంలో కొడుకు ఇష్మాయేలు పుట్టేటప్పటికి 86. సున్నతి పొందింది 17వ అధ్యాయంలో, 99వ ఏట. వాగ్దానం చేసిన కొడుకు ఇస్సాకు పుట్టినప్పుడు 100. దేవుడి మాట విని ఇస్సాకును బలిపీఠం మీద ఉంచింది 22వ అధ్యాయంలో, పిల్లవాడు కట్టెలు మోసుకుంటూ కొండ ఎక్కగలిగే వయసు వచ్చాక.

పౌలు పట్టుకున్నది 15వ అధ్యాయం. సున్నతికి కనీసం పదమూడేళ్ల ముందే, ఏ ఆచారమూ పాటించకముందే నీతి ఎంచబడింది అంటాడు. రోమా 4:10లో ఆయన వాదన అంతా ఆ తేదీ మీదే నడుస్తుంది. యాకోబు పట్టుకున్నది 22వ అధ్యాయం. ఎన్నో ఏళ్ల కిందటి నమ్మకం నిజమైనదేనని ఆ కొండ మీద బయటపడింది అంటాడు. ఒకరు విత్తనం నాటిన రోజు గురించి, ఇంకొకరు కాపు వచ్చిన ఏడు గురించి మాట్లాడుతున్నారు.

ఎవరితో మాట్లాడుతున్నారన్నది కూడా చూడాలి. పౌలు ముందు ఉన్నవాళ్లు "నమ్మితే చాలదు, సున్నతి కూడా కావాలి" అనేవాళ్లు. యాకోబు ముందు ఉన్నవాళ్లు బట్టల్లేని సహోదరుడితో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి" అని ఉత్త మాట చెప్పి పంపేసేవాళ్లు. దయ్యాలు కూడా దేవుడు ఒక్కడేనని నమ్మి వణుకుతాయి అన్నది యాకోబే. అలాంటి నమ్మకం గురించే ఆయన మృతమైనది అన్నాడు. పౌలు కూడా ఆ మాట కాదనడు. గలతీ 5:6లో ప్రేమ వలన పనిచేసే విశ్వాసం అన్నది పౌలే.

ఉలవపాడు మామిడితోటల్లో చచ్చిన చెట్టుకి కాయలు కట్టి ఎవరూ అమ్మరు. కాయ లేని చెట్టుని చూసి రైతు వేరు దగ్గరికి వెళ్తాడు. మన దగ్గర క్రియలు కనబడకపోతే మనమూ వేరునే చూసుకోవాలి.

అలా అయితే నమ్మి, తర్వాత ఇష్టమొచ్చినట్టు బతకొచ్చు కదా?

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు ఒకరకంగా సంతోషం. ఎందుకంటే పౌలు బోధ విన్నవాళ్లు కూడా అదే అడిగారు, రోమా 6:1 చూడండి. ఈ ప్రశ్న ఎవరికీ రాని బోధలో కృప సరిగా చెప్పలేదేమోనని నా అనుమానం. పౌలు జవాబు, "అట్లనరాదు."

మా నాన్న సంగతి చెబుతాను. ఒక ఏడు పొగాకు దెబ్బతింది. ఎరువుల కొట్లో బాకీ పేరుకుపోయింది. కొట్టాయన నాన్నని పిలిచి, ఆ పేజీ మీద అడ్డంగా గీత గీసి, "ఇక దీని గురించి మాట్లాడొద్దు" అన్నాడు. నాన్న ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆ కొట్లో మళ్లీ బాకీ పెట్టి ఎగ్గొడదాం అనే ఆలోచన ఆయనకి ఒక్కనాడు కూడా రాలేదు. ఆ కొట్టాయన కూతురి పెళ్లికి ఎవరూ పిలవకముందే వెళ్లి మూడు రోజులు నీళ్లు మోశాడు. అది బాకీ తీర్చడం కాదు. బాకీ లేదు కదా. ఆ గీత ఆయనలో ఏదో మార్చింది.

క్రియలు అక్కడి నుంచి వస్తాయి. దేవుడికి మన క్రియల అవసరం లేదు. పక్కింట్లో జ్వరంతో పడి ఉన్న ముసలామెకి ఉంది.

దశమభాగం (సంపాదనలో పదో వంతు) ఇవ్వకపోతే, ఆదివారం తప్పితే, ఉపవాసం మధ్యలో ఆపేస్తే శాపం వస్తుందా?

ఇక్కడ కొంచెం కటువుగా రాస్తున్నాను, క్షమించండి.

ఒక సంఘంలో, పేరు అనవసరం, రొయ్యల ప్లాంటులో పనిచేసే ఒక చెల్లెమ్మకి బిడ్డ జబ్బు చేసింది. మూడు నెలలుగా జీతం సరిగా అందక దశమభాగం ఇవ్వలేకపోయింది. "దేవుడి సొమ్ము తిన్నావు, అందుకే" అని ఆమెతో అన్నారు. ఆమె చెవి కమ్మలు తాకట్టు పెట్టి కానుక కట్టింది. ఆ తర్వాత మందులకి అప్పు చేసింది. ఈ సంగతి ఆమె నాకు చెప్పినప్పుడు బిడ్డ ఒళ్లో నిద్రపోతోంది. నాకు నోట మాట రాలేదు.

దశమభాగం ఇవ్వనివాళ్లు శాపగ్రస్తులనే మలాకీ 3వ అధ్యాయం చదివి భయపెట్టేవాళ్లు గలతీ 3:13 కూడా చదవాలి. క్రీస్తు మన కోసం శాపమై ధర్మశాస్త్ర శాపం నుంచి మనల్ని విడిపించాడు. ఆయన మోసిన శాపాన్ని మళ్లీ పదో వంతు లెక్క కట్టి ఒక పేద తల్లి నెత్తిన పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇవ్వండి. ఉపవాసం ఉండండి. ఆదివారం మందిరానికి వెళ్లండి. నేను వెళ్తాను, ఇస్తాను. కానీ కానుకల సంచిలో వేసే నోటు దేవుడి కోపం చల్లార్చడానికి కట్టే జరిమానా కాదు. "ఉత్సాహముగా ఇచ్చువానిని" దేవుడు ప్రేమిస్తాడని రెండవ కొరింథీ 9:7 అంటుంది. భయంతో ఇచ్చేవాడికి ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది?

లూకా 18లో వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో పదో వంతు లెక్క చెప్పిన పరిసయ్యుడున్నాడు, ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే మనిషి. దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, ఉన్నాడు. నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లింది సుంకరి. యేసు స్వయంగా ఆ మాట వాడాడు.

బాప్తీస్మం తీసుకోకపోతే నీతిమంతుడిగా తీర్చబడమా?

యేసు పక్కన సిలువ మీద ఉన్న దొంగకి బాప్తీస్మం పొందే వీలు లేదు. ఆ రోజే పరదైసు, అంటే స్వర్గం, దొరికింది. కాబట్టి నీళ్లు రక్షణ కొనే వెల కాదు. అయితే ప్రభువు ఆజ్ఞ ఇచ్చాడు కాబట్టి నమ్మినవాళ్లు తీసుకోవాలి, వాయిదా వెయ్యకూడదు. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు లూథరన్ సంఘాల్లో పసిపిల్లలకి ఇస్తారు, మా వైపు నమ్మిన తర్వాత ముంచుతారు. ఆ తేడా మీద చాలా చెప్పొచ్చు, కానీ ఈ ప్రశ్నకి అది అవసరం లేదు.

మన ప్రాంతంలో కరువు రోజుల్లో గంజి కోసమే జనం క్రైస్తవులయ్యారని అంటారు. మరి అది విశ్వాసమేనా?

ఈ మాట ఎగతాళిగా అడిగేవాళ్లున్నారు, బాధతో అడిగేవాళ్లూ ఉన్నారు. మా తాతల తాతలు ఆ జనంలో ఉన్నవాళ్లే కాబట్టి నాకు ఇది సొంత విషయం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాడు. ఏళ్ల తరబడి చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకసారి కాదు, చాలాసార్లు చర్చ జరిగింది. తర్వాత వచ్చిన జ్యూయెట్ దొర 1854 జనవరి 1న తెల్లవారుజామున కొద్దిమందితో ఒంగోలు పక్క కొండెక్కి ప్రార్థన చేశాడు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది.

దానికి ముందే యెర్రగుంట్ల పేరయ్య క్రీస్తును నమ్మి వచ్చాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల పని చేసేవాడు, తాళ్లకొండపాడు మనిషి. క్రీస్తు సంగతి వినకముందే దేవుణ్ణి వెతుకుతూ యోగ గురువుల దగ్గర కూర్చున్నవాడు. గుడి గడప తొక్కనివ్వని, బావిలో చేద వెయ్యనివ్వని కాలం అది. పుట్టుకతోనే దోషి అని ఊరంతా తీర్పు చెప్పేసిన మనుషులకి "నీతిమంతులుగా తీర్చువాడు దేవుడే" అనే మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. చదువు, పుణ్యం, పుట్టుక, డబ్బు, చూపించుకోవడానికి వాళ్ల దగ్గర ఏదీ లేదు. క్రియల లెక్కన అయితే వాళ్లకి చోటే లేదు. ఈ సిద్ధాంతాన్ని మేం పుస్తకాల్లో నేర్చుకోకముందు మా పెద్దలు ఇలా బతికి తెలుసుకున్నారు.

ఇక కరువు. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చనిపోయిన కరువు. ఇంజనీరింగ్ తెలిసిన క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. కూలి ఇచ్చాడు, దానితో పాటు వాక్యం వినిపించారు. కానీ సాయం సాగినంతకాలం బాప్తీస్మాలు ఆపేశాడు. గంజి కోసం ఎవరూ పేరు రాయించుకోకూడదని. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిశాక జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తీస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు.

ఆ 2,222 మంది గుండెల్లో ఏముందో దేవుడికే తెలుసు. ఆకలి తీర్చినవాడి మాట వినాలనిపించడం తప్పని కూడా నేననను. యేసు వెంట ఐదు రొట్టెలు తిన్నవాళ్లు కూడా నడిచారు. వట్టి చేతులతో వచ్చారు కాబట్టి వాళ్ల విశ్వాసం తక్కువది అంటే మాత్రం ఒప్పుకోను. వట్టి చేతులతో తప్ప ఇంకోరకంగా రావడానికి ఈ తలుపు దగ్గర వీలే లేదు.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత" అని హిందూ బంధువులు అంటారు. నమ్మితే చాలు అనడం మరీ సులువుగా లేదా?

ఆ సామెతలో న్యాయం ఉంది. దాన్ని చులకన చెయ్యొద్దు. చేసిన పనికి ఫలితం ఉండాలని కోరుకోవడం మంచి మనసే. బైబిలు కూడా "మనుష్యుడు ఏమి విత్తునో ఆ పంటనే కోయును" అంటుంది.

మనం చెప్పాల్సింది, ఫలితం రద్దు కాలేదు, ఇంకొకరు అనుభవించారు అని. మనకి ఉచితం, ఆయనకి కాదు. పైగా ఇది సులువు కూడా కాదు. మొక్కు తీర్చాక "నేను తీర్చాను" అనుకోవడానికి కొంత మిగులుతుంది. ఇక్కడ అనుకోవడానికి ఏమీ మిగలదు. చీమకుర్తి క్వారీలో కూలికి వెళ్లేవాడూ, ఆ క్వారీ యజమానీ ఒకే మోకాళ్ల మీద ఒకే మాట అనాలి. అది యజమానికి కష్టం. ఒక్కోసారి కూలికి కూడా.

కేథలిక్కులు దీన్ని ఒప్పుకోరా? లూథర్ చేసిందేమిటి?

మార్టిన్ లూథర్ జర్మనీలో అగస్టీనియన్ సన్యాసి. గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నా మనశ్శాంతి దొరకనివాడు. రోమా 1:17లో "దేవుని నీతి" అంటే దేవుడు మనల్ని శిక్షించే నీతి అనుకుని వణికాడు. అది దేవుడు విశ్వాసికి ఇచ్చే నీతి అని అర్థమయ్యాక పరదైసు తలుపులు తెరుచుకున్నట్టు అనిపించిందని తర్వాత రాసుకున్నాడు. 1517లో పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద 95 వాదాంశాలు రాశాడు.

1522లో ఆయన అచ్చువేసిన జర్మన్ కొత్త నిబంధనలో రోమా 3:28 దగ్గర 'విశ్వాసం' పక్కన 'మాత్రమే' అనే మాట చేర్చాడు. గ్రీకులో ఆ మాట లేదు. దాని మీద పెద్ద గొడవ జరిగింది. మన తెలుగు బైబిల్లో ఆ వచనం "విశ్వాసమువలననే" అని ఉంటుంది. లూథర్ ఒక మాట పెట్టి తిట్లు తిన్న చోట మన అనువాదకులు ఒక్క 'నే' అక్షరంతో సరిపెట్టారు.

కేథలిక్ సంఘం 1547 జనవరిలో, ట్రెంట్‌లో జరిగిన తన బిషప్పుల సభలో దీనికి జవాబిచ్చింది. నీతిమంతులుగా తీర్చబడటమంటే క్షమాపణతో పాటు లోపల నూతనపరచబడటం కూడా, అది కృపతో కలిసి పనిచేస్తే పెరుగుతుంది, చావుకు తగిన పాపంతో పోతుంది అని వాళ్ల బోధ. అంటే 'తీర్పు', 'తీర్చిదిద్దడం' రెండిటినీ వాళ్లు ఒకే మాటలో చూస్తారు. కానీ మనలో కొందరు అనుకునేట్టు "క్రియలతో రక్షణ కొనుక్కోవచ్చు" అని వాళ్లు చెప్పరు. మొదటి అడుగు కృపదేనని అదే సభ చెప్పింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కేథలిక్ సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన పుణ్యం వల్ల కాదు, కృప వల్లనే, క్రీస్తు మీది విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఇద్దరూ ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. తేడాలన్నీ పోలేదు. నేను ఇప్పటికీ ప్రొటెస్టెంట్ వరసే సరైనదని నమ్ముతున్నాను. కానీ పక్క వీధిలో చర్చికి వెళ్లే కేథలిక్ కుటుంబం గురించి అబద్ధం చెప్పి మన సిద్ధాంతాన్ని కాపాడుకోనక్కర్లేదు.

నమ్మాక మళ్లీ పెద్ద పాపంలో పడ్డాను. తీర్పు తిరగబడుతుందా?

పాపాన్ని చిన్నది చెయ్యను. ఒప్పుకోండి, సరిచేయగలిగింది సరిచేయండి, నష్టపోయినవాళ్ల దగ్గరికి వెళ్లండి. రోమా 4లో పౌలు అబ్రాహాము పక్కన దావీదును ఎందుకు నిలబెట్టాడో గమనించండి. వ్యభిచారం, హత్య చేసిన రాజు దావీదు. "ప్రభువుచేత నిర్దోషియని యెంచబడినవాడు ధన్యుడు" అనే అర్థమున్న 32వ కీర్తన మాటలు అక్కడ తెచ్చాడు. దేవుణ్ణి నమ్మి చాలా ఏళ్లయ్యాక పడిపోయినవాడు రాసిన కీర్తన అది.

మన తీర్పు మన నిన్నటి ప్రవర్తన మీద ఆధారపడి వచ్చింది కాదు. అందుకే నేటి ప్రవర్తన చూసి అది కొట్టుకుపోదు. కన్నతండ్రి కోప్పడతాడు, శిక్షిస్తాడు కూడా. కొడుకు కాకుండా చెయ్యడు. లేచి ఇంటికి వెళ్లండి.

చావు దగ్గర పడ్డవాళ్లకి ఏం చెప్పాలి?

మా అమ్మ నలభై ఏళ్లు స్త్రీల సమాజంలో తిరిగింది. ఎవరింట్లో చావైనా పురుడైనా ముందు ఆమే ఉండేది. నెల్లూరు ఆసుపత్రిలో ఆఖరి వారం, రాత్రి రెండు గంటలప్పుడు నన్ను పిలిచి, "నాయనా, నేను చేసింది సరిపోతుందా?" అని అడిగింది.

నోటి చివరదాకా వచ్చింది, "అమ్మా, నీకంటే ఎవరు ఎక్కువ చేశారు" అని. ఆపుకున్నాను. అలా అంటే ఆమె మళ్లీ లెక్కపెట్టుకోవడం మొదలుపెడుతుంది. తప్పిపోయినవన్నీ గుర్తొస్తాయి. "సరిపోదమ్మా. నీది సరిపోదు, నాది అసలే సరిపోదు. ఆయన చేసింది సరిపోయింది" అన్నాను. రోమా 8 తీసి 33వ వచనం నుంచి చదివాను.

"శిక్ష విధించు వాడెవడు" దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకోసారి చదువు" అంది. చదివాను. మూడోసారి కూడా చదివించుకుంది. తర్వాత మంచినీళ్లు అడిగి తాగి, గోడ వైపు తిరిగి పడుకుంది.

తెల్లారి నర్సమ్మ వచ్చి లేపేదాకా నిద్రపోయింది. ఆ వారంలో ఆమె అలా నిద్రపోయింది ఆ ఒక్క రాత్రే.